మన యింటిమీది యాకాశము



చెవితో వినవలసిన యంత్రమునందు కంటితో చూడవలసిన వస్తువును గూర్చి మాటలాడవలసి వచ్చినది. ఛాయాచిత్రములను గూర్చి ప్రసంగించుచు ఒక్క చిత్రమునైన మీకు చూపజాలకున్నాను. అయినను నాకంత విచారము లేదు. నేను చెప్పబోవు వస్తువు మీలో ప్రతివారి యింటిమీదను ఉన్నది. ఈ ప్రసంగము ముగిసిన పిమ్మట అరుగుమీదికి వచ్చి తలయెత్తినచో చాలును.

మా యూరు కొల్లేటి కుత్తరపు టొడ్డున నున్న యొక చిన్న గ్రామము. బడిపంతులు పని విరమించి యిల్లు చేరినది మొదలు, ఇప్పటి కారేండ్లుగా, ప్రొద్దున నొక గంటయు సాయంకాల మొక గంటయు డాబామీద నిలిచి ఆకాశమున బోవు పక్షులను, మబ్బులను ఛాయాచిత్రములుగా తీయుచున్నాను. దీనికై యే యడవికిని పోలేదు. ఏ కొండయు నెక్కలేదు. మొదట ఇంటివారు నవ్విరి. పిదప వీధివారు నవ్విరి. చేపలచెరువు గట్టున పోవు కుఱ్ఱవాడొకడు, "మాష్టారూ, పైన ఏం పోగొట్టుకున్నారు?" అని యడిగెను. ఆ ప్రశ్నకు సరియైన సమాధానము నాకు రెండేండ్లకు గాని దొరకలేదు. దానిని చెప్పినవారు మా ప్రక్కయింటి బాబాయిగారు.

వారు నాకు ఊరివరుసకు బాబాయిగారు. వయస్సు 86 ఏండ్లు. చూపు ఇప్పటికిని చక్కగనే యున్నది. ఒకనాటి సాయంకాలము నేను తీసిన చిత్రములన్నియు వారికి చూపితిని. కండ్లజోడు సవరించుకొని, "ఇది గద్ద, ఇది గరుడపక్షి, ఇవి నత్తగుల్ల కొంగలు" అని ఒక్కొక్కటే చెప్పుచు వచ్చి, తుదకు, "అన్నీ ఉన్నాయి గాని అబ్బాయీ, రాబందు లేదేం?" అనిరి.

"ఎక్కడున్నది బాబాయిగారూ, తీయడానికి?" అంటిని.

వారు కొంతసేపు మాటలాడలేదు. పిదప తమ బాల్యమున ఊరిబయటి దిబ్బలో చచ్చిన గొడ్డును పడవేసినంతనే, అంతవఱకు నిర్మలముగా నున్న యాకాశమున చుక్కవలె నొకటి, దానివెనుక మఱొకటి కనబడి, గిరికీలు కొట్టుచు దిగుటయు, ప్రొద్దు వాలులోపున ఎముకలు తప్ప మిగులకుండుటయు చెప్పిరి. వారి మునిమనుమరాలు తొమ్మిదవ తరగతి చదువుచున్నది. ఆ పిల్ల, "రాబందు ఎంత ఉంటుంది తాతా?" అని యడిగెను. వారు రెండుచేతులు బారజాపి చూపిరి. అది చాలదని తోచి, ముంగిట వాల్చిన నులకమంచమును చూపి, "రెక్క విప్పితే దీని పొడుగు దాటుతుంది" అనిరి. పిల్ల నవ్వెను. నమ్మినట్లు లేదు.

ఇందు పిల్ల తప్పేమియు లేదు. 1992 మొదలు 2007 వఱకు గల పదునైదేండ్లలో మన దేశమున వీపు క్రిందిభాగము తెల్లగా నుండు రాబందులు వేయింటికి తొమ్మిదివందల తొంబదితొమ్మిది చొప్పున నశించినవి. కారణము 2004లో తెలిసినది. పశువులకు నొప్పి తగ్గుటకై యిచ్చు డైక్లోఫెనాక్ అను మందు కళేబరములో మిగిలియుండి, దానిని తినిన రాబందుల మూత్రపిండములను చెఱచుచున్నదట. 2006లో మన ప్రభుత్వము పశువైద్యమున ఆ మందును నిషేధించినది. తెలంగాణములో బెజ్జూరు అడవులయందలి పాలరాపు కొండచరియపై 2013లో పొడుగుముక్కు రాబందులు కనబడినవి. మా యూరి యాకాశమునకు మాత్రము ఒక్కటియు తిరిగి రాలేదు.

ఆ రాత్రియే మేము మువ్వురము ఊరిలోని పాత ఫోటోల వేటలో పడితిమి. దిబ్బమీద గాకున్నను, ఏ పెండ్లి యూరేగింపు వెనుకనో, ఏ తిరునాళ్ల జనము మీదనో ఒక్క రాబందైనను పడియుండకపోవునా యని ఆశ. మూడు దినములు ఇల్లిల్లు తిరిగి పెట్టెలు తెఱపించితిమి. మాకు దొరకినవి వధూవరులు, కుర్చీలలో గూర్చున్న పెద్దలు, నిలువుటద్దము ప్రక్క నిలిచిన బాలింతలు. వారి వెనుక ఆకాశమున్నది గాని అది గుడ్డమీద రంగులతో వ్రాసిన యాకాశము! పట్టణమున ఫోటోలు తీయువారి గదులలో వ్రేలాడదీయు తెరలవి. వానిమీద దూదివంటి మబ్బులు, కొలను, హంసలు. ఆరుబయట తీసినవి కొన్ని యున్నను, వానియందు జనుల తలలమీద నున్నది తెల్లని కాగితమే. మబ్బు లేదు, పక్షి లేదు.

ఇదేమి చిత్రమని నేను కొంత చదివితిని. ఫోటో యనునది పుట్టిన తొలినాళ్లలో గాజుపలకలకు పూయు మందు నీలిరంగు వెలుతురునకు మిక్కిలి తొందరగా లోబడునది; ఎఱుపు, పసుపుల యెడ మందమైనది. నేలమీది చెట్టుచేమల రూపు పలకపై దిగులోపున నీలియాకాశము మితిమీఱి వెలిగి, మబ్బుతోగూడ తెల్లబారెడిది. 1857 ప్రాంతమున గుస్తావ్ లెగ్రే అను ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు ఈ చిక్కును దాటుటకై, సముద్రము నొక పలకమీదను, మేఘములను వేఱొక పలకమీదను తీసి, రెంటిని ఒక్క కాగితముపై గలిపి ముద్రించెను. ఆ బొమ్మలను జూచి నాటివారు విస్మితులైరట. ఆకాశమును సముద్రమును ఒక్కమాఱు చూపుటయే గొప్పయైన కాలమది. తరువాత అన్ని రంగులకు లోబడు మందులు వచ్చినను, పెండ్లిలో ఫోటో తీయువాడు మొగములు తెలియుటకై వెలుతురు సరిచేసుకొనుచుండెను గాని పైన పోవు పక్షికై కాదు గదా. కావున మన తాతముత్తాతల ముఖములు కొన్నియైన మిగిలినవి. వారు దినదినము చూచిన యాకాశము మిగులలేదు.

చేపలచెరువు గట్టుమీది కుఱ్ఱవానికి ఇప్పుడు సమాధానము చెప్పగలను. పైన పోగొట్టుకొన్నది రాబందు. ఇక మీదట మఱేమి పోవునో ముందుగా నెవరికి దెలియును? అందుచేతనే గద్దనుగూడ తీయుచున్నాను, కాకినిగూడ తీయుచున్నాను. బాబాయిగారి బాల్యమున రాబందును ఫోటో తీయవలెనని యెవరికిని తోచకపోవుట అది కాకివలె నిత్యము కనబడునది యగుటచేతనే.

ఎగురు పక్షిని ఛాయాచిత్రమున బట్టుట యెంత కష్టమో చెప్పుటకు మఱొక ఫ్రెంచివానిని దలపవలెను. ఏతియెన్ జూల్ మారే అను శరీరశాస్త్రజ్ఞుడు 1882లో ఒక తుపాకిని చేసెను. దానికి మడమయు గొట్టమును గలవు, మీటయు గలదు. గుండు మాత్రము లేదు. పక్షికి గుఱిపెట్టి మీట నొక్కినచో సెకండునకు 12 చిత్రములు వలయముగా నొక పలకపై పడును. రెక్క యెట్లు లేచును, ఎట్లు వంగును, క్రిందికి కొట్టునపు డీకలెట్లు మూసికొనును అను సంగతి మనుష్యునికి తొలిసారిగా తేటపడినది ఇట్టి చిత్రములచేతనే. వేటకాడు తుపాకి పేల్చినచో ఎగురుట ఆగిపోవును. ఈ తుపాకితో గొట్టినచో ఎగురుట నిలిచిపోవును గాని పక్షి తన దారిని తాను పోవును. ఇంగ్లండులో కీర్టన్ అను అన్నదమ్ములు 1900 ప్రాంతమున ఎద్దుతోలును బోలుగా నిలబెట్టి, దాని కడుపులో దాగి, పక్షులకు దగ్గఱగా జేరి ఫోటోలు తీసిరి. మన పొలములలో నిట్టిపని చేసినచో పక్షులు బెదరకుండునేమో గాని ఊరికుక్కలు ఊరకుండునా?

మనకు తుపాకియు నక్కఱలేదు, ఎద్దుతోలును అక్కఱలేదు. మబ్బులకు చేతిలోని సెల్‌ఫోను చాలును. పక్షులకు మాత్రము దూరమును దగ్గఱచేయు పొడుగైన కటకము గల కెమెరా కావలెను. నాది పెండ్లిళ్లకు ఫోటోలు తీయు నొకని యొద్ద సగము ధరకు గొన్న పాతది. దానితో నేను మొట్టమొదట తీసినది గూడబాతుల వరుస. నీరు తోడు గూడవంటి సంచి ముక్కుక్రింద నుండుటచే కాబోలు దానికా పేరు. ఏడెనిమిదడుగుల రెక్కలు గల పక్షులు, పదునాలుగు, ఆటపాక వైపు పోవుచుండగా తీసితిని. పొంగిపోయి క్రిందికి దిగి చూచుకొందునుగదా, తెల్లని పళ్లెమున పదునాలుగు మిరియపుగింజలు!

తప్పు కెమెరాది కాదు. మనము చూచు వస్తువులన్నిటిలో ఆకాశము మిక్కిలి వెలుగుగలది. కెమెరాకన్ను ఆ వెలుగునకు జంకి తన రెప్పను బిగించుకొనును. అప్పుడు ఆకాశము చక్కగనే పడును గాని దానిలోని పక్షి బొగ్గుముక్క యగును. దీనికి మొదటి విరుగుడు ప్రొద్దు. సూర్యుడు తీయువాని వీపువెనుక నుండవలెను. పక్షి తూర్పున నున్నచో సాయంకాలము, పడమట నున్నచో ప్రాతఃకాలము. అప్పుడు ఏటవాలు వెలుతురు పక్షి క్రింది భాగమును గూడ తాకును. నడిమింట నెండ యున్నపుడు తీసిన పక్షిచిత్రములలో నూటికి తొంబది నేనే పాఱవేసితిని. రెండవ విరుగుడు కెమెరాకు మన మాజ్ఞాపించుట: నల్లని పక్షికి వెలుతురు కొంత పెంచవలెను, తెల్లకొంగకు కొంత తగ్గింపవలెను. తగ్గింపనిచో కొంగ రెక్కలలోని యీకలన్నియు కలిసిపోయి సున్నపుముద్దవలె నుండును. చాల సెల్‌ఫోనులలో తెరమీది వస్తువుపై వ్రేలితో తాకినచో చిన్న సూర్యబింబము వంటి గుర్తు వచ్చును. దానిని పైకి జరిపిన వెలుగు పెరుగును, క్రిందికి జరిపిన తగ్గును. మీ మనుమల నడుగుడు, వారికి తెలియును. ఎగురు పక్షి చెదరకుండుటకు కెమెరా రెప్ప సెకండులో వేయవ వంతునకు మించి తెఱచియుండరాదు. రెప్పపాటులో మనకన్ను పోగొట్టుకొను కాలములో అది నూఱుసార్లు తెఱచి మూయవచ్చును!

అయినను నల్లబడిన చిత్రము చెడిన చిత్రము కాదు. ఈ సంగతి నాకు నేర్పినవారును బాబాయిగారే. నేను పాఱవేయబోవు మిరియపుగింజల బొమ్మను వారు తీసికొని, పెద్దదిగా చేయించి చూచి, "మెడ చూడు అబ్బాయీ, మెడ" అనిరి. నారాయణపక్షియు, తెల్లకొంగయు మెడను మడచి భుజముల నడుమ దాచుకొని యెగురును. నత్తగుల్ల కొంగయు, ఎఱ్ఱకాళ్ల కొంగయు పేరునకు కొంగలేయైనను మెడను ఈటెవలె ముందునకు జాచి పోవును. గూడబాతు తల వెనుకకు లాగుకొని, బరువైన ముక్కును ఱొమ్ముమీద నానించినట్లు పోవును. నల్లగద్ద తోక కొనయందు చీలియుండును. గరుడపక్షి తోక విసనకఱ్ఱవలె గుండ్రము. రంగు తెలియకున్నను ఈ ఛాయలు చాలును. పాత పెద్దలు పక్షిని రంగునుబట్టి గాక నడకనుబట్టి గుర్తించువారు. దూరమునుండి వచ్చు చుట్టమును మొగము కనబడకముందే నడకచే పోల్చుకొందుము గదా, అట్లే. ఈ విద్య యే గ్రంథమునను ఇంత తేటగా నాకు దొరకలేదు. బాబాయిగారు బొమ్మ చూచి చెప్పుచుండగా, పిల్ల పుస్తకమున వ్రాయుచుండును. పిల్ల లేనినాడు నేను వ్రాయుదును.

ఇక మబ్బుల మాట. పక్షులకును మబ్బులకును సంబంధమేమని మీరడుగవచ్చును. నేనును రెండిటిని వేఱువేఱు వినోదములుగానే తలచియుంటిని. ఒక మాఘమాసపు దినమున తొమ్మిది గంటలు దాటిన పిదప గూడబాతులు రెక్క లాడింపకయే సుడి తిరుగుచు మీదికి లేచుట చూచి వరుసగా చిత్రములు తీసితిని. అవి లేచిలేచి చేరినచోట, సరిగా వానిమీద, అంతకు ముందు లేని చిన్న తెల్లని కుప్పమబ్బు పుట్టియుండెను. కారణమిది. ఎండకు నేల కాగును. నేలనంటిన గాలి కాగి తేలికయై మీదికి లేచును. బరువైన పక్షులు ఆ గాలిని మెట్లుగా జేసికొని శ్రమలేక పైకెక్కును. ఆ గాలియే మఱింత మీదికి పోయి చల్లబడగా దానియందలి తేమ నీటిబిందువులై మబ్బగును. కంటికి కనబడని గాలిస్తంభమునకు క్రింద పక్షులు సాక్షి, పైన మబ్బు సాక్షి. తెల్లవాఱగనే గూడబాతు లేల సుడి తిరుగవో, ప్రొద్దెక్కినకొలది ఏల తిరుగునో అప్పుడు తెలిసినది. బాబాయిగారికి మాత్రము ఇది క్రొత్తవార్త కాలేదు. "నేల కాగందే గద్ద ఎక్కదు" అని నలుబదియేండ్లుగా చెప్పుచున్నారట. ఎవరికి చెప్పిరో తెలియదు.

మబ్బులకు లోకమంతట నేడు చెల్లుచున్న పేర్లు పెట్టినవాడు రాజో, పండితుడో కాడు. లండనులో మందులు తయారుచేయు వర్తకుడగు ల్యూక్ హోవర్డు. ఆయన 1802లో మిత్రుల సభలో నొక యుపన్యాసము చదివెను. కుప్పమబ్బు, పొరమబ్బు, వెండ్రుకపాయవంటి మబ్బు అను మూడు రూపములును, వాని కలయికలును చాలునని చెప్పెను. ఆ విభాగమే, కొన్ని చేర్పులతో, నేటికిని నిలిచినది. 1896లో దేశదేశముల వాతావరణ శాస్త్రజ్ఞులు కలిసి మేఘముల చిత్రగ్రంథము నొకదానిని ప్రకటించిరి. దాని క్రొత్తకూర్పు 2017లో వెలువడినపుడు అందులో తలక్రిందైన సముద్రపు టలలవంటి యొక మేఘరూపమునకు ఆస్పెరిటాస్ అను పేరుతో చోటు లభించినది. దానికి సాక్ష్యముగా నిలిచినవి మేడలమీదనుండియు, పెరళ్లనుండియు సామాన్యజనులు తీసి పంపిన ఛాయాచిత్రములు. 1802లో మందుల వర్తకుడు, 2017లో పెరటిలో నిలిచినవారు! ఆకాశము విషయమున పెద్దపీట వేఱుగా లేదు.

మబ్బును తీయుటలో నేను పాటించు నియమమొకటి గలదు. మా యింటికి పడమట ఒంటితాడి యొకటి యున్నది. ప్రతి చిత్రమునను దాని తల ఒక మూలనైనను పడవలెను. అమెరికాలో ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ అను ప్రసిద్ధుడు 1922 మొదలు కొన్నియేండ్లు జార్జి సరస్సు నొద్దనున్న తన కుటుంబపు టింటినుండి మేఘములను తీసెను. ఆయన చిత్రములలో పెక్కింటియందు నేల జాడయే లేదు. పై యేదో క్రిందేదో తెలియదు. ఆయనకు కావలసినది తన మనస్సులోని భావము. అవి గొప్ప చిత్రములే, కాదనను. కాని నాకు కావలసినది సాక్ష్యము. తాడితల యున్నచో దిక్కు తెలియును, మబ్బు ఎంత పెరిగెనో తెలియును, ఎటు జరిగెనో తెలియును. కెమెరాను కదలకుండ నొకచోట నుంచి అయిదేసి నిమిషముల కొక్క చిత్రము చొప్పున తీసినచో, వేసవి సాయంకాలపు కుప్పమబ్బు తాడితలకు మోకాలిలోతున నున్నది గంటలోపున కోటబురుజై, పైకొన కమ్మరి యింటి దాగలివలె చదునుగా పఱచుకొనుట కనబడును. ఆ చదునైన భాగము నీరు కాదు, మంచుపలుకులు. అది పఱచుకొన్న పిమ్మట ఉరుము, మెఱుపు, ఈదురుగాలి తప్పవు.

ఇంతకన్న నాకు ప్రీతియైన పరిశోధన మఱొకటి కలదు. సూర్యచంద్రులకు గుడి కట్టుట మీరందఱు చూచినదే. దూరపు గుడి కట్టిన వాన దగ్గఱ, దగ్గఱ గుడి కట్టిన వాన దూరమని మన పెద్దలందురు. చిన్ననాడు దీనిని పల్లెవారి మాటగా త్రోసివేసితిని. ఇప్పుడు చూడగా మనవారు రెండు వేఱువేఱు వస్తువులను సరిగా వేఱుపఱచి చెప్పియున్నారు. చంద్రునికి మిక్కిలి దగ్గఱగా, రంగురంగుల జరీయంచువలె నుండు చిన్న గుడి నీటిబిందువుల పలుచని మబ్బుచే గలుగును. దూరముగా, పెద్ద వలయమై నిలుచు గుడి ఎంతో యెత్తున నున్న మంచుపలుకుల పొరచే గలుగును; దాని వ్యాసార్ధము ఎల్లప్పుడు 22 డిగ్రీలే. కొలుచుటకు యంత్ర మక్కఱలేదు. చేయి నిండుగా జాచి, అఱచేతిని విప్పి, బొటనవ్రేలి కొనను చంద్రునిపై నుంచినచో చిటికెనవ్రేలి కొన ఇంచుమించుగ ఆ వలయమును తాకును. బంగాళాఖాతమున తుపాను పుట్టినపుడు దానిపైనుండి దూరముగా పఱచుకొను ఎత్తైన పలుచని మబ్బు ఇట్టి మంచుపలుకుల పొరయే. కావున దూరపు గుడికిని వానకును సంబంధము కొంత యుండుటకు కారణము కలదు. ఎంత యున్నదో తేల్చుటకే గుడి కట్టిన ప్రతిరాత్రియు చిత్రము తీసి, తరువాతి మూడు దినముల వానను దానిప్రక్క వ్రాయుచున్నాము. కొన్నిటికి వాన వచ్చినది, కొన్నిటికి ముఖము చాటువేసినది. లెక్క యింకను చాలలేదు, తొందరపడి చెప్పను. తుపాను హెచ్చరికకు మాత్రము నా గుడిబొమ్మను నమ్మవలదు. మచిలీపట్టణము, విశాఖపట్టణములందు రాడారులున్నవి. వాతావరణశాఖవారి మాటయే వినవలెను.

హెచ్చరికల ప్రస్తావన వచ్చినది గావున ఒకటి రెండు చెప్పకతప్పదు. కటకముగుండ సూర్యుని ఎన్నడును చూడరాదు, కన్ను పోవును. ఉరుము వినబడెనా, మబ్బు ఎంత సొగసుగా నున్నను మేడ దిగవలెను. ఉరుము వినబడునంత దూరములోనికి పిడుగు రాగలదు. తుది యురుము వినబడిన అరగంటవఱకు తిరిగి యెక్కరాదు. మన దేశమున ఏటేట రెండువేల మందికి పైగా పిడుగుపాటున మరణించుచున్నారు. వారిలో పొలములలోని వారే పెక్కురు. ఈ విషయమున నేనొకసారి పెంకితనము చేసితిని. మెఱుపును పట్టవలెనని మేడమీద నిలిచితిని. ఒంటితాడికి నాలుగుబారల దూరమున నున్న వేపచెట్టు చీలిపోయినది. ఆ చిత్రము నా యొద్ద లేదు. కెమెరాను విడిచి క్రిందికి పరుగిడితిని.

గూళ్లున్న చెట్ల చేరువకు ఫోటోకై పోవుట మఱియొక తప్పు. తల్లి యొక పావుగంట లేచిపోయినచో చాలును, కాకి గ్రుడ్డును తన్నుకొనిపోవును. ఈకలురాని పిల్ల యెండకు మాడిపోవును. ఇంటిమీదినుండి తీయువానికి ఈ పాపము లేదు. పక్షి తానై వచ్చును, తానై పోవును.

విజయదశమి నాడు పాలపిట్టను చూచుట మనలో శుభమని యాచారము. ఆచారము మంచిదే. కాని దానికై వలపన్ని పట్టి, రెక్కలు కట్టి, పంజరమున నుంచి వీధివీధి త్రిప్పి డబ్బు గుంజువారు బయలుదేఱిరి. అట్లు పట్టబడినవానిలో బ్రదుకునవి కొద్ది. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచేత అది నేరము గూడ. పైగా ఈ పక్షి యిప్పుడు తగ్గిపోవుచున్నదని 2023లో వెలువడిన భారతదేశపు పక్షుల స్థితినివేదిక చెప్పుచున్నది. పంజరములోని పాలపిట్టను చూచినవారు పాలపిట్టను చూడలేదనియే నా మతము. దాని నీలము ఈకకు పూసిన రంగు కాదు. ఈకలోని సూక్ష్మమైన అల్లికమీద వెలుతురు పడి చెదరుటచే గలుగు వన్నె. తీగమీద ముడుచుకొని కూర్చున్నపుడు మట్టిరంగు పిట్ట. ఎండ మన వీపువెనుక నుండగా రెక్క విప్పి లేచెనా, ఆ క్షణమున మండును! మా యింట గడచిన రెండు దసరాలకు పొలము గట్టున నెగురుచుండగా తీసిన చిత్రమునే అందఱికి చూపితిమి. బాబాయిగారు కన్నులకద్దుకొనిరి. శాస్త్రమునకు సరిపోయెనా యని నేనడుగలేదు.

నేను చెప్పిన పక్షుల స్థితినివేదిక యెట్లు సిద్ధమైనదో మీకు తెలిసిన సంతోషింతురు. సుమారు 30,000 మంది సామాన్యులు తమతమ యూళ్లలో చూచి, తేదీతో చోటుతో వ్రాసి, ఈ-బర్డ్ అను పట్టికకు పంపిన లెక్కలనుండి శాస్త్రజ్ఞులు 942 జాతుల స్థితిని తేల్చిరి. ప్రతియేట ఫిబ్రవరిలో నాలుగు దినములు పెరటిపక్షుల లెక్క జరుగును. ఒకచోట పదునైదు నిమిషములు చూచి వ్రాసినను తీసికొందురు. తేదీ లేని చిత్రము అందమైన బొమ్మ. తేదీ, వేళ, ఊరు, దిక్కు వ్రాసిన చిత్రము దస్తావేజు. భూమి దస్తావేజులో నాలుగుదిక్కుల హద్దులు వ్రాయించిన మీకు దీనిని నేను వివరింపనక్కఱలేదు. నా మొదటి యేడాది చిత్రములు తేదీలేక, ఫోను పగిలినపుడు అవియు పోయి, రెండువిధముల నష్టమైనవి. ఇప్పుడు ప్రతి నెల తుదిని మంచివానిని కాగితముమీద అచ్చువేయించి, వెనుకవైపున వ్రాసి, పిల్ల పుస్తకమున నంటించుచున్నాము.

ఆ పుస్తకమున ఒక పుటను గూర్చి చెప్పి ముగించెదను. గడచిన కార్తికమాసమున ఒకనాటి ఉదయము పదిగంటలకు ఒంటితాడికి దక్షిణముగా, మిక్కిలి యెత్తున, ఒక పెద్దపక్షి ఒంటరిగా సుడి తిరుగుచుండెను. ఏడు చిత్రములు తీసితిని. పెద్దదిగా చేసి చూడగా వెడల్పైన రెక్కలు, రెక్కల కొనలయందు వ్రేళ్లవలె విడివడిన యీకలు, పొట్టి తోక. బాబాయిగారు చాలసేపు చూచిరి. చిత్రమును కంటి దగ్గఱకు తెచ్చిరి, దూరముగా పట్టిరి. పక్షులెఱిగిన యిరువురికి పంపితిమి. ఒకరు శీతకాలమున ఉత్తరమునుండి వచ్చు డేగజాతి పెద్దపక్షి కావచ్చుననిరి. మఱొకరు ఇంత దూరపు చిత్రమునుబట్టి చెప్పజాలమనిరి. పిల్ల పుస్తకమున తేదీ వ్రాసెను, వేళ వ్రాసెను, గాలి తూర్పుదని వ్రాసెను, కుప్పమబ్బులు మూడని వ్రాసెను. పేరు వ్రాయవలసినచోట కలము నాపి, "ఏమని రాయను తాతా?" అని యడిగెను.

"ఖాళీగా ఉంచమ్మా" అనిరి బాబాయిగారు. "బొమ్మ ఉందిగా. మళ్లీ వస్తే పోల్చుకుందాం."